ఇక్కడి కంపెనీల గురించి నమ్మకమైన సమాచారం ఎక్కడ దొరుకుతుంది?

కోవెంట్రీ నుంచి:
అందరికీ నమస్కారం. నేను బ్రిటన్ వచ్చి నాలుగు నెలలైంది. ప్యాకింగ్ సామాన్లు తయారుచేసే చిన్న కంపెనీలో కొనుగోళ్ల విభాగంలో చేరాను. లారీల్లో సరుకు చేరవేయడానికి నాలుగు కంపెనీలు కొటేషన్లు ఇచ్చాయి. వాటి మీద రీసెర్చ్ చేసి శుక్రవారానికి రిపోర్టు ఇమ్మన్నారు మేనేజర్. వెబ్‌సైట్లు చూస్తే నాలుగూ గొప్పగానే ఉన్నాయి. రివ్యూలు ఎంతవరకు నమ్మాలో తెలియడం లేదు. డబ్బు కట్టి రిపోర్టులు కొనాలా? మొదటి పని కదా, టెన్షన్‌గా ఉంది.

రెడింగ్ నుంచి:
చెల్లెమ్మా, ముందు కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్ చూడు, ఇక్కడ కంపెనీలని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ అది. పైసా ఖర్చు లేదు. డైరెక్టర్లు, ఖాతాలు (అంటే ఏటేటా ఇచ్చే లెక్కలు), అప్పులకు పెట్టిన తాకట్లు అన్నీ అక్కడే ఉంటాయి. కానీ పేరుతో వెతకొద్దు, కంపెనీ నంబరుతో వెతుకు. ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ముల్లా ఒకేలాంటి పేర్లతో పది కంపెనీలుంటాయి. ఆ నంబరు వాళ్ల వెబ్‌సైట్‌లో కచ్చితంగా ఉండాలి, అది చట్టం. లేకపోతే అక్కడే ఆగి అడుగు.

ప్రైవేట్ కంపెనీ ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లో ఖాతాలు దాఖలు చేయాలి. గడువు దాటితే ఆ పేజీలోనే తెలిసిపోతుంది. ఒక్కరోజు ఆలస్యమైనా 150 పౌండ్లు జరిమానా, ఆరు నెలలు దాటితే 1,500. జరిమానాకైనా సిద్ధపడి ఖాతాలు ఇవ్వడం లేదంటే నేను అనుమానిస్తాను.

స్లౌ నుంచి:
అందరూ ఖాతాలు చూడమంటారు. నేను మాత్రం ఫైలింగ్ హిస్టరీ, అంటే కంపెనీ ఇప్పటిదాకా దాఖలు చేసిన పత్రాల జాబితా చూడమంటాను. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవమ్మా.

ఆరేళ్ల క్రితం నేను ఒక ఏజెన్సీ ద్వారా కాంట్రాక్టు పని చేశాను. మంచి ఆఫీసు, మర్యాదగా మాట్లాడే మనుషులు. మొదటి మూడు నెలలు డబ్బు టైముకి పడింది. నాలుగో నెల నుంచి "అకౌంట్స్‌లో మనిషి సెలవులో ఉన్నారు" అన్నారు. ఐదో నెలా అదే మాట. రెండు ఇన్వాయిస్‌లు కలిపి 9,200 పౌండ్లు. ఫోన్ చేస్తే ఎత్తరు, మెయిల్‌కి జవాబు లేదు. అప్పుడు కూర్చుని కంపెనీస్ హౌస్‌లో ఒక్కో పత్రం తెరిచాను. రెండేళ్లలో రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా మూడుసార్లు మారింది. ఖాతాల గడువు దగ్గరపడిన ప్రతిసారీ ఆర్థిక సంవత్సరం ముగిసే తేదీని ఒక్కరోజు తగ్గిస్తూ ఫారం పెట్టారు. అలా కుదిస్తే ఖాతాలివ్వడానికి ఆ ఫారం పెట్టిన రోజు నుంచి మూడు నెలల గడువు దొరుకుతుంది. చట్టప్రకారం తప్పేమీ కాదు, కానీ మళ్లీ మళ్లీ ఎందుకు చేస్తారు? డైరెక్టరు పేరు నొక్కితే ఆయన పాత కంపెనీలు నాలుగు వచ్చాయి, నాలుగూ మూతపడినవే.

అన్నిటికన్నా బాధేమిటంటే, నాకు బాకీ ఉన్న కంపెనీని రిజిస్టరు నుంచి తొలగించమని అప్పటికే దరఖాస్తు పెట్టుకున్నారు. గెజెట్‌లో నోటీసు వచ్చాక రెండు నెలల్లో బాకీ రావలసినవాళ్లెవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. నేను చూసేసరికి ఆ గడువు దాటి పదకొండు రోజులైంది. ఆ పేజీలో 'ఫాలో' అనే బటన్ ఉంది, నొక్కితే ఏ పత్రం దాఖలైనా ఉచితంగా మెయిల్ వస్తుంది. అది ముందే తెలిస్తే నా డబ్బు మొత్తం కాకపోయినా కొంతైనా దక్కేదేమో. నాలుగు కంపెనీలకీ ఈ రాత్రే ఆ బటన్ నొక్కు.

లెస్టర్ నుంచి:
మీరు రీసెర్చ్ గురించి అడిగారు గానీ, కొత్తగా వచ్చిన పిల్లలకి నేను చెప్పేది వేరు. ఉద్యోగం మారేటప్పుడు కూడా ఇదే పద్ధతిలో వెతకండి. స్పాన్సర్ లైసెన్సు (విదేశీయుల్ని ఉద్యోగంలో పెట్టుకునే అనుమతి) ఉన్న కంపెనీల జాబితాని ప్రభుత్వమే ఆన్‌లైన్‌లో పెడుతుంది. అందులో పేరు లేని కంపెనీ మీకు వీసా ఇప్పించడం కుదరదు, ఎవరు ఎన్ని మాటలు చెప్పినా నమ్మి డబ్బు కట్టకండి.

మాంచెస్టర్ నుంచి:
స్లౌ అన్నా, మీకు జరిగింది చదివి చాలా బాధేసింది. కానీ ఒక్క మాట. కంపెనీస్ హౌస్‌లో ఉన్నదంతా నిజమని ఈ అమ్మాయి అనుకోకూడదు. అక్కడ వాళ్లేం రాసిస్తే అదే పెడతారు, ఎవరూ చెక్ చేయరు.

రెడింగ్ నుంచి:
అది పాత మాట అండీ. 2024 మార్చి 4 నుంచి అనుమానం వస్తే ప్రశ్నించే, తిరస్కరించే అధికారం వాళ్లకి వచ్చింది. 2025 నవంబరు 18 నుంచి డైరెక్టర్లు తమ గుర్తింపు నిరూపించుకోవడం కూడా తప్పనిసరైంది.

మాంచెస్టర్ నుంచి:
గుర్తింపు వేరు, లెక్కలు వేరు కదండీ. మనిషి నిజమైనవాడే అయినా బ్యాలెన్స్ షీట్ తప్పుగా ఉండొచ్చు. చిన్న కంపెనీలకి చాలావరకు ఆడిట్ ఉండదు, లాభనష్టాల పట్టిక బయటపెట్టక్కర్లేదు. అందుకే నేను క్రెడిట్ రిపోర్టు, అంటే కంపెనీ అప్పులు తీర్చగలదా అని అంచనా వేసే రిపోర్టు కొంటాను.

రెడింగ్ నుంచి:
ఆ రిపోర్టులోనూ ఎక్కువ భాగం ఈ ఖాతాల నుంచి తీసినదే. అదనంగా వచ్చేది చెల్లింపుల అలవాట్లు, కోర్టు తీర్పులు. కొనేముందు లైబ్రరీ ప్రయత్నించమనండి. బ్రిటిష్ లైబ్రరీలో వ్యాపారాలకి సాయపడే బిజినెస్ అండ్ ఐపీ (మేధోసంపత్తి) సెంటర్‌లో, దాని నెట్‌వర్క్‌లో ఉన్న నగర లైబ్రరీల్లో కంపెనీల డేటాబేస్‌లు ఉచితంగా చూడొచ్చు. నేను వ్యాపారం మొదలుపెట్టిన ఏడాదంతా అక్కడే కూర్చున్నాను.

డార్బీ నుంచి:
ఇంతమంది ఇన్ని చెప్పారు, అసలు విషయం లారీలని ఎవరూ గుర్తు చేయలేదు! నేను పదేళ్లు ట్రాన్స్‌పోర్ట్‌లో పనిచేశాను. 3.5 టన్నులు దాటిన లారీలతో కిరాయికి సరుకు తోలాలంటే ఆపరేటర్ లైసెన్సు ఉండాలి. ఆ రిజిస్టరు కూడా పబ్లిక్. ఎన్ని వాహనాలకి అనుమతి ఉందో అందులో రాసి ఉంటుంది. లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో, కొటేషన్ ఎవరి పేరు మీద వచ్చిందో పక్కపక్కన పెట్టుకుని చూడు తల్లీ. నా సర్వీసులో ఈ రెండూ వేరువేరుగా ఉన్న సందర్భాలు చూశాను. ప్రమాదమో, నష్టమో జరిగితే ఎవరిని అడగాలో తెలియక చిక్కు అక్కడే మొదలవుతుంది.

కోవెంట్రీ నుంచి:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న రాత్రి రెండు వరకు కూర్చున్నాను. రెండు కంపెనీల్లో ఏ లోపమూ కనబడలేదు. మూడోదాని ఖాతాల గడువు దాటి ఐదు వారాలైంది. నాలుగోది అన్నిటికన్నా తక్కువ రేటు ఇచ్చింది, మా మేనేజర్‌కి నచ్చింది కూడా అదే. వెబ్‌సైట్‌లో "మా 40 లారీలు" అని ఉంది, లైసెన్సులో అనుమతి ఆరు వాహనాలకే. డార్బీ అన్నయ్యా, ఇది మోసమేనా?

డార్బీ నుంచి:
వెంటనే మోసం అనేయకు తల్లీ. మిగతా లారీలు వేరేవాళ్ల దగ్గర కిరాయికి మాట్లాడుతుండొచ్చు, ఈ లైన్‌లో అది మామూలే. ఇంకో ప్రాంతంలో వేరే లైసెన్సు ఉండొచ్చు కూడా, కంపెనీ పేరుతో మళ్లీ వెతుకు. అయినా కనబడకపోతే మెయిల్‌లోనే అడుగు: మా సరుకు ఎవరి లారీలో వెళ్తుంది, వాళ్ల లైసెన్సు నంబరేంటి, దారిలో పాడైతే ఇన్సూరెన్స్ ఎవరిది? ఫోన్‌లో అడగొద్దు, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకో. దాన్నే రిపోర్టుకి జతచెయ్యి.

స్లౌ నుంచి:
ఆ మూడో కంపెనీ సంవత్సరాంతం తేదీ ఎప్పుడైనా మారిందా? ఫైలింగ్ హిస్టరీలో చూసి చెప్పమ్మా, నేను ఇంకో గంట మెలకువగానే ఉంటాను.