క్రికెట్‌లో రెండు దేశాలకు ఆడే అర్హత గురించి తెలిసినవారు చెప్పగలరా?

నమస్కారం. మాది హనుమకొండ. మా మేనల్లుడు ఎడమచేతి వాటం స్పిన్నర్. తెల్లవారకముందే జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి వెళతాడు. బంతి తిప్పీ తిప్పీ చూపుడువేలు కాయ కాచిపోయింది. ఆగస్టులో పై చదువుకు అమెరికా వెళుతున్నాడు, అక్కడా ఆడతానంటున్నాడు. ఆ దేశపు జట్టులో చేరితే భారత్‌కు ఆడే దారి మూసుకుపోతుందేమోనని మా అక్కకు ఒకటే దిగులు.

నాకు మాత్రం ఆశ ఉంది. పెద్ద పటౌడీ నవాబు 1932లో ఇంగ్లండ్ తరఫున సిడ్నీలో తొలి టెస్టులోనే సెంచరీ కొట్టి, 1946లో భారత జట్టుకు నాయకత్వం వహించారు. 2007 ప్రపంచకప్‌లో ఐర్లాండ్‌కు ఆడిన ఇయాన్ మోర్గాన్, 2019లో ఇంగ్లండ్‌కు కప్పు అందించాడు. డేవిడ్ వీస్ దక్షిణాఫ్రికా తర్వాత నమీబియాకు ఆడాడు.

మూడేళ్లు నివసిస్తే ఆ దేశానికి ఆడే అర్హత వస్తుందని ఐసీసీ (అంతర్జాతీయ క్రికెట్ మండలి) నియమం. విద్యార్థి వీసాపై గడిపిన కాలం అందులోకి వస్తుందా? క్లబ్బు మ్యాచ్‌ల రికార్డులు, నివాస పత్రాలు మొదటినుంచే ఎలా భద్రపరచుకోవాలి? మళ్లీ ఇక్కడికి వచ్చి రంజీ ఎంపికలకు ప్రయత్నించినవారు ఎవరైనా ఉన్నారా? పిల్లవాడి ఉత్సాహం నీరుగారకుండా సరైన దారి చూపాలని నా తాపత్రయం. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయండి.