జన (కడుపులో గుడ్లు) మీదున్న సాల్మన్‌ని పట్టి వదలడం న్యాయమేనా? ట్వీడ్ నదిలో వారం గడిపొచ్చాక ఒక ప్రశ్న

ట్వీడ్‌గట్టు:
అక్టోబరు ఆఖరి వారమంతా స్కాట్లాండ్‌లో ట్వీడ్ నది మీద, కెల్సో ఊరికి దిగువన గాలం వేసి వచ్చాను. వారమంటే ఆరు రోజులే. ఆదివారం సాల్మన్ మీద గాలం వేయడం ఇక్కడ చట్టం ఒప్పుకోదు.

సోమవారం నీళ్లు అద్దంలా ఉన్నాయి, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. చేప బదులు, గాలం లాగిన ప్రతిసారీ ఒక రాలిన ఆకు తగులుకుని వచ్చేది. మంగళవారం రాత్రి కొండల్లో వాన పడింది. బుధవారం పొద్దున్నే చూస్తే ఏరు మీటరు పైగా లేచి, ఆషాఢంలో మా గోదారి రంగుకొచ్చింది. మాకు దారి చూపే గిల్లీ (ఏటి గట్టునే పుట్టి పెరిగిన మనిషి) "ఈరోజు లాభం లేదు, ఇంటికెళ్లి పడుకోండి" అన్నాడు. గురువారం గాలి. శుక్రవారం నీళ్లు తగ్గుతూ చిక్కటి టీ డికాషన్‌లా అయ్యాయి. అలా తగ్గే నీటిలోనే సాల్మన్ కదులుతుందట. పదకొండింటికి దారం బరువెక్కింది.

ఇరవై నిమిషాలు పట్టింది. ఆడచేప. పది పౌన్లు ఉండొచ్చు. వెండి రంగు పోయి రాగిరంగు తిరిగింది, పొట్ట నిండా జన. కొన దగ్గర వెనక్కి తిరిగే ముల్లు లేని గాలం కాబట్టి వేలితో తోస్తే ఊడొచ్చింది. నీళ్లలోంచి పైకి తీయకుండానే తోక మొదలు పట్టుకుని, తల ఎదురు ప్రవాహానికి పెట్టి నిలబడ్డాను. మొప్పలు మెల్లగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. నిమిషం తర్వాత నా చేతిలో ఒక్కసారి బిగుసుకుని వెళ్లిపోయింది. శనివారం మంచు పడి గాలపు కర్ర రింగుల్లో నీళ్లు గడ్డకట్టాయి. మరో చేప పడలేదు.

ఇంటికి ఫోన్ చేస్తే నాన్న అన్న మాట: "వదిలేయడానికి ఆరు రోజులు చలిలో నిలబడ్డావా? సరే, నీ సరదా. కానీ జన మీదున్నదాన్ని ఎందుకు ఏడిపించావురా?" ఆ రెండో మాటకి నా దగ్గర జవాబు లేదు. మీరేమంటారు?

పచ్చనాకు:
మీ నాన్నగారు చెప్పిందే సరి. సాల్మన్ సముద్రం నుంచి నదిలోకి వచ్చాక మేత ముట్టదు. ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి దారిబత్తెం. దాంతోనే ఎదురీదాలి, గులకరాళ్లలో తోకతో గుంట తవ్వాలి, గుడ్లు పెట్టాలి. అందులోంచి ఇరవై నిమిషాల శక్తి మీరు తీసేసుకున్నారు. ఆకలికి పట్టారంటే అర్థం చేసుకుంటాను. 2023 డిసెంబరులో ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) బ్రిటన్‌లోని అట్లాంటిక్ సాల్మన్‌ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. అలాంటి జీవితో ఆటలేంటండీ?

అబర్డీన్ అక్క:
తమ్ముడూ పచ్చనాకు, కోపం న్యాయమైనదే, కానీ గురి తప్పింది. 2023లో స్కాట్లాండ్ మొత్తం మీద గాలానికి పడ్డవి 32 వేల పైచిలుకు. 1952లో లెక్కలు మొదలయ్యాక అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. ఈ లెక్క మనకెలా తెలిసింది? గాలం వేసేవాళ్లు పట్టినవన్నీ రాసిస్తేనే. పట్టినవాటిలో నూటికి తొంభైకి పైగా వదిలేస్తున్నారు. గాలానికి పడ్డదాన్ని అమ్మడం 2002 నుంచి నేరం. దొంగవలలు పట్టుకునే కాపలాదార్ల జీతాలు కూడా చాలావరకు ఈ వేట డబ్బుతోనే.

చల్లటి నీటిలో, సరిగ్గా పట్టుకుని వదిలితే ఎక్కువ చేపలు బతికి గుడ్లు పెడతాయి. నీళ్లు 20 డిగ్రీలు దాటే వేసవిలో పట్టడమే అసలు ప్రమాదం. సాల్మన్ తగ్గడానికి పెద్ద కారణాలు సముద్రంలో బతికి తిరిగొచ్చేవి తగ్గిపోవడం, గట్టున చెట్ల నీడ లేక ఏరు వేడెక్కడం, అడ్డుకట్టలు. నేను డీ నది పిల్లకాలువల గట్ల మీద ఏటా మొక్కలు నాటడానికి వెళ్తాను. గాలం పట్టేవాళ్లే ఎక్కువమంది వస్తారు అక్కడికి.

యానాం పడవ:
మాది వేటకెళ్లే ఇల్లండి, ఒక మాట చెప్తాను. పులస కూడా ఇలాంటిదే. సముద్రంలో ఇలస, వరదనీటికి ఎదురీది గోదారిలోకొస్తే పులస. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత కట్టుకున్నాం. జన ఉన్నదానికే ధర ఎక్కువ, ఒక్క చేప వేలల్లో పలుకుతుంది. మనం గుడ్లతో సహా పులుసు పెట్టుకుని, వాళ్లు వదిలేస్తుంటే తప్పుపట్టడం ఏం బాగుంటుంది?

ఇంకోటండి. పులసని పట్టి వదలడం కుదరదు. వలకి తగిలి నీళ్లు దాటితే నిమిషాల్లో చచ్చిపోద్ది. దాన్ని బతికించాలంటే కొన్నాళ్లు వల వేయకుండా ఊరుకోవడమే. పైన ధవళేశ్వరం ఆనకట్ట, కింద ఏటి మొగలోనే వరసగా వలలు. మా నాన్న రోజుకి నాలుగైదు తెచ్చిన రోజులు నాకు గుర్తే. ఈ ఏడు సీజనంతా మా పడవకి రెండు.

పచ్చనాకు:
యానాం గారూ, మీ మాటకి తలవంచుతున్నాను. హైదరాబాద్‌లో కూర్చుని పులస తిన్నవాణ్ణే నేనూ.

అక్కా, లెక్కలూ కాపలా అవసరమే, ఒప్పుకున్నాను. ఒక్కటి చెప్పండి. స్పే నదిలో గాలం సెప్టెంబరు 30కి ఆపేస్తారు, టే నదిలోనూ మీ డీలోనూ అక్టోబరు 15కి. ట్వీడ్‌లో మాత్రం నవంబరు 30 దాకా ఎందుకు? అప్పటికి చేపలు గుడ్లు పెడుతుంటాయి కదా?

అబర్డీన్ అక్క:
మంచి ప్రశ్న వేశావు. ట్వీడ్ పేరు మోసిందే శరదృతువు చేపలతో. ఒంటి మీద వెండి చెదరని కొత్త చేపలు నవంబరులో కూడా సముద్రం నుంచి ఎక్కి వచ్చేవి. అందుకే అంత ఆలస్యపు గడువు. గత పదేళ్ల పైగా ఆ రాక బాగా పలచబడింది. గడువు మాత్రం అలాగే ఉంది. దాన్ని ముందుకు జరపాలంటే నా ఓటు కూడా నీకే. అయితే గట్టున గిల్లీల బతుకులున్నాయి. రెండు నెలల పని పోతే ఆ ఇళ్లు ఎలా గడవాలో కూడా ఆలోచించాలి.

ట్వీడ్‌గట్టు:
ఇదంతా రెండుసార్లు చదివాను. గిల్లీని అడిగితే తన చిన్నప్పుడు ఆ మడుగులో నవంబరు చేపలు వెండిబిళ్లల్లా ఎగిరేవన్నాడు. నేను పట్టింది రాగిరంగుది, నదిలోకొచ్చి ఎన్నో వారాలయి ఉంటుంది. అది నాకోసం మిగిలిన కొత్త చేప కాదు, గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కుంటున్న తల్లి. పట్టడం మొత్తంగా తప్పని ఇప్పటికీ అనను. ఆ నీళ్లలో నడుం దాకా నిలబడకపోతే ఏరు గురించి నాకింత పట్టేది కాదు. కానీ అక్టోబరు నడిమి దాటాక నేను వేయను. వచ్చే ఏడాదికి సెప్టెంబరు రెండో వారం కావాలని గిల్లీకి నిన్ననే రాశాను. అప్పుడు నీళ్లు తక్కువుండి ఒక్కటీ పడకపోయినా సరే, అక్కడ గాలం వేసుకోవడానికి కట్టే అద్దె మాత్రం పూర్తిగా కడతాను.

నాన్నకి ఇది చెప్తే "మరి ఆ చేప బతికిందంటావా?" అని అడిగారు. బలంగానే వెళ్లింది నాన్నా అన్నాను. అంతకు మించి నేను చూడలేదు.

అక్కా, మొక్కలు నాటే రోజు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి. ఎడిన్‌బరో నుంచి కారులో నలుగురం వస్తాం.