రాజమహేంద్రవరం హేవ్‌లాక్ వంతెనను దగ్గరగా చూడాలంటే ఎలా?

ప్రశ్న (పుణే నుంచి):

అందరికీ నమస్కారం. మా నాన్నగారు రైల్వేలో గూడ్సు గార్డుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం హేవ్‌లాక్ వంతెన మీదుగా గోదావరి దాటిన మనిషి కావడంతో, 1997లో దాని మీద రైళ్లు ఆపేశాక మళ్లీ ఆ వంతెనను దగ్గరగా చూడలేకపోయానన్న వెలితి ఆయనకు ఉండిపోయింది. సంక్రాంతి తరువాత ఆయనను రాజమహేంద్రవరం తీసుకురావాలని అనుకుంటున్నాను. వంతెన మీద నడవనిస్తారా? నడవనివ్వకపోతే ఎక్కడి నుంచి చూస్తే వివరంగా కనిపిస్తుంది? ఆయనకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి కాబట్టి ఎక్కువ మెట్లు లేని చోటు చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి):

వంతెన మీదకు వెళ్లాలన్న ఆలోచన పెట్టుకోకండి. దాన్ని పర్యాటక ప్రదేశంగా తీర్చిదిద్దడానికి అఖండ గోదావరి పథకం కింద 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. బయలుదేరే ముందు ఇక్కడి పర్యాటక శాఖ కార్యాలయంలో విచారించి, సందర్శకులను అనుమతిస్తున్నామని వారు స్పష్టంగా చెబితేనే వెళ్లండి. పట్టాల పక్కన నడుచుకుంటూ వెళ్లి ఫొటోలు తీసుకున్నామని ఎవరైనా చెప్పినా, పెద్దాయనను వెంటపెట్టుకుని ఆ సాహసం చేయవద్దు.

చూడడానికి పుష్కర ఘాట్, గోదావరి స్టేషన్ పరిసరాలు అనువైనవి. అందరూ సూర్యాస్తమయానికే రమ్మని సలహా ఇస్తారు. మన ఊరు తూర్పు గట్టున ఉంది గనుక సాయంత్రం సూర్యుడు వంతెన వెనుకకు దిగుతాడు; ఫొటో అందంగానే వస్తుంది, కానీ వంతెన నల్లటి గీతలా మాత్రమే కనిపిస్తుంది. మీ నాన్నగారు ఆ వంతెనను ఎరిగిన మనిషి. ఆయనను ఉదయం పూట తీసుకురండి. అప్పుడు వెలుగు మన వీపు వైపు నుంచి పడి, రాతి స్తంభాల వరుసలు, వాటి మీద వరద నీరు వదిలివెళ్లిన చారలు, గర్డర్ల (ఉక్కు దూలాల) అతుకుల దగ్గర బారులు తీరిన రివెట్ల (అతుకులను బిగించే మేకుల) తలలు చక్కగా కనిపిస్తాయి. చిన్న బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి. ఘాట్ల దగ్గర నీటి అంచు దాకా దిగనవసరం లేదు, పైన గట్టు మీద కూర్చున్నా చాలు.

జవాబు (వంతెనల పనిలో ఉన్న సివిల్ ఇంజినీరు):

పై జవాబుతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఈ వంతెన గొప్పతనం పైనున్న గర్డర్లలో కన్నా కింద కనబడని భాగంలోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. 1897లో పని మొదలుపెట్టి 1900 నాటికి పూర్తిచేశారు. అంతకుముందు కాశీలో గంగ మీద డఫ్రిన్ వంతెన నిర్మాణంలో పనిచేసిన ఫ్రెడరిక్ వాల్టన్ దీనికి ఇంజినీరు. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవ్‌లాక్ పేరు పెట్టారు. గోదావరి అడుగున ఉన్నది లోతైన ఇసుక. అటువంటి చోట స్తంభాన్ని నేరుగా నిలబెట్టలేరు కాబట్టి, బావి వరలాంటి గుండ్రని కట్టడాన్ని ఇసుక మీద నిలిపి, లోపలి ఇసుకను తోడుతూ పోతే అది తన బరువుతో తానే కిందికి దిగుతుంది. దిగిన కొద్దీ పైన మళ్లీ కట్టుకుంటూ వస్తారు. ఒక పక్కకు ఒరిగితే సరిచేయడం చాలా కష్టం. వరదలు తగ్గిన నెలల్లోనే సాగే ఇటువంటి పనిని, యంత్రాలు అంతగా లేని ఆ రోజుల్లో, మూడేళ్లలోపే ముగించిన కూలీల పేర్లు ఎక్కడా చెక్కి లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మరొకటి గమనించమని మీ నాన్నగారితో చెప్పండి. పాత వంతెనకు 56 స్పాన్లు (రెండు స్తంభాల మధ్య ఉండే భాగాలు), ఒక్కొక్కటి 150 అడుగులు. పక్కనే 1997లో వాడుకలోకి వచ్చిన కాంక్రీటు కమాను వంతెనకు 28 స్పాన్లే. అంటే పాతదానిలో రెండు స్పాన్లు దాటే దూరాన్ని కొత్తది ఒక్క కమానుతో దాటుతుంది. రెండింటినీ ఒకే చూపులో చూస్తే, దాదాపు నూరేళ్లలో వంతెనల నిర్మాణం ఎంత మారిందో వివరించి చెప్పనక్కరలేదు.

జవాబు (కొవ్వూరు నుంచి):

అయ్యా, అందరూ అటు గట్టు గురించే రాస్తున్నారు కానీ, ఓపిక ఉంటే మా కొవ్వూరు వైపు కూడా రండి. గోష్పాద క్షేత్రం దగ్గర నదీతీరం ప్రశాంతంగా ఉంటుంది. ఆ తరువాత రైలెక్కి గోదావరి దాటండి. అన్ని రైళ్లూ కమాను వంతెన మీదుగా వెళ్లవు. కొన్ని 1974 నాటి రోడ్డు-కమ్-రైలు వంతెన మీదుగా వెళతాయి కనుక, స్టేషన్లో ముందుగా అడిగి తెలుసుకోండి. కమాను వంతెన మీదుగా వెళితే పాత వంతెన బోగీ కిటికీకి సమాంతరంగా కాసేపు వెంట నడుస్తుంది. మీ నాన్నగారికి అంతకన్నా దగ్గరగా, కష్టం లేకుండా చూపించే మార్గం మరొకటి లేదు. మా వైపు వాళ్లంతా అక్కడ గోదావరి తల్లికి దణ్ణం పెట్టుకుని నాణెం వేస్తారు, చిల్లర దగ్గర ఉంచుకోండి.

జనవరిలో నీరు తక్కువగా ఉండి స్తంభాలు బాగా బయటపడతాయి. 2027లో పుష్కరాలు కాబట్టి, ఆ ఏర్పాట్ల పనులు ముమ్మరమై ఘాట్లలో రద్దీ పెరగకముందే రావడం మంచిది.