హెచ్‌ఆర్ అనలిటిక్స్ మొదలుపెట్టే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: 300 మంది ఉన్న సంస్థ. హెచ్‌ఆర్ అనలిటిక్స్ (ఉద్యోగుల డేటాని విశ్లేషించి నిర్ణయాలు తీసుకోవడం) నిలదొక్కుకోవాలంటే ముందు దేన్ని పట్టించుకోవాలి? టూలా, డేటానా, పైవాళ్ల మద్దతా?

జవాబు 1: టూల్ చివర్న. ముందు పేరోల్‌లో, హాజరు సిస్టమ్‌లో, నియామకాల ఫైల్లో ఒక మనిషికి ఒకే ఐడీ ఉందో లేదో చూడండి. మానేసి తిరిగి చేరినవాళ్లకి కొత్త ఐడీ ఇస్తే ఒక్కరే ఇద్దరుగా లెక్కకొస్తారు. మానేసిన తేదీ అంటే రాజీనామా ఇచ్చిన రోజా, ఆఖరి పనిరోజా? ఇది రాసిపెట్టుకోకపోతే ఫైనాన్స్ లెక్క ఒకటి, మీది ఒకటి అవుతుంది. మొదటి మీటింగ్‌లోనే పరువు పోతుంది.

జవాబు 2: డేటా ఎంత శుభ్రంగా ఉన్నా, దాన్ని చూసి నిర్ణయం మార్చుకునే మేనేజర్ లేకపోతే డాష్‌బోర్డు (అంకెల్ని గ్రాఫులుగా చూపే తెర) గోడమీద బొమ్మే. ఒకే ప్రశ్నతో మొదలెట్టండి, చేరిన 90 రోజుల్లోపు ఎందుకు మానేస్తున్నారు అన్నట్టు. ఇంకోటి, 300లో ఏడాదికి 20 మంది మానేస్తే, ‘ఎవరూ మానరు’ అని అంచనా వేసే కంప్యూటర్ మోడల్ కూడా 93 శాతం కరెక్టే! ఆక్యురసీ అంకె చూసి మోసపోవద్దు. ఆ 20 మందిలో ఎందరిని ముందే పట్టిందో అడగండి.

జవాబు 3: ఉద్యోగుల భయం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఐదుగురికన్నా తక్కువున్న టీమ్ సర్వే ఫలితాలు విడిగా చూపిస్తే ఎవరేమన్నారో ఇట్టే తెలిసిపోతుంది. మరుసటి సర్వేలో అందరూ ‘అంతా బాగుంది’ అనే రాస్తారు.