కెన్యాలో 12 రోజుల వైద్య శిబిరం: వెళ్ళేలోపు ఏమేం చూసుకోవాలి?

విజయనగరం స్టాఫ్ నర్సు:
నమస్కారమండీ. ఇంకో ఏడు వారాల్లో కెన్యాలో విక్టోరియా సరస్సు వైపు పల్లెల్లో 12 రోజుల శిబిరం ఉంది. జీతం లేదు, టిక్కెట్టు ఖర్చు మాదే. ఎల్లో ఫీవర్ టీకా ఎక్కడ వేయించుకోవాలి? పెరిగింది పార్వతీపురం ఏజెన్సీ పక్కనే, మలేరియా రెండుసార్లు వచ్చి తగ్గింది. మళ్ళీ మాత్రలు మింగాలా? తెలిసిన మెడికల్ షాపువాళ్ళు ఓ పెట్టెడు శాంపిల్ మందులు ఇస్తామంటున్నారు, పట్టుకెళ్ళొచ్చా?

బొబ్బిలి సిస్టర్:
అమ్మా, సూట్‌కేసు చివర్న సర్దుకోవచ్చు, ముందు కాగితాలు చూడు. జీతం లేకపోయినా రోగిని ముట్టుకుంటే అది ఉద్యోగం కిందే లెక్క. పర్యాటకుల ఈటీఏ (ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రయాణ అనుమతి) మీద వెళ్ళి సూది వేయకూడదు. కెన్యా నర్సింగ్ కౌన్సిల్ తాత్కాలిక అనుమతి నిర్వాహకులు తెప్పిస్తున్నారా లేదా ఇవాళే రాతపూర్వకంగా అడుగు. "అక్కడికొచ్చాక చూసుకుందాం" అన్నారంటే వెళ్ళకు. మన రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు కూడా ఓసారి చూసుకో.

ఎల్లో ఫీవర్ టీకా మామూలు ఆస్పత్రుల్లో వేసినా చెల్లదు, గుర్తింపు ఉన్న కేంద్రంలోనే వేయించుకోవాలి. నీకు దగ్గర విశాఖ పోర్టు హెల్త్ ఆర్గనైజేషన్, అది కాకపోతే హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకున్నాకే రైలెక్కు. ఒక్కో సీసాలో చాలా డోసులుంటాయి, తెరిచాక 6 గంటలు దాటితే పారేయాల్సిందే, అందుకే జనాన్ని పోగేసి ఒకే రోజు వేస్తారు. పాస్‌పోర్టు అసలుది పట్టుకెళ్ళు. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు మీద పేరు, పాస్‌పోర్టు నంబరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో అక్కడే సరిచూసుకో.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, కార్డు కెన్యావాళ్ళు అడుగుతారనుకుంటారు. ఇండియా నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళని వాళ్ళు అడగకపోవచ్చు. తిరిగొచ్చినప్పుడు మన దేశమే అడుగుతుంది. లేకపోతే 6 రోజుల వరకూ క్వారంటైన్. టీకా వేసిన 10 రోజులకి గానీ కార్డు చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. గుడ్డు పడనివాళ్ళు, 60 దాటినవాళ్ళు ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా) కూడా వేయించుకోవాలనుంటే రెండూ ఒకే రోజు వేయించుకో, లేదంటే మధ్య 4 వారాలు ఎడం ఉండాలి.

రాజాం ఫార్మసిస్టు:
చిన్నప్పుడు వచ్చిన మలేరియా ఇచ్చే కాస్త రక్షణ, దోమకాటు తగ్గిన కొన్నేళ్ళకే పోతుంది. దాన్ని నమ్ముకోకండి మేడమ్. పాత మలేరియా మందు క్లోరోక్విన్ మాట మరిచిపోండి, అక్కడి ఫాల్సిపారం (ప్రాణం తీసే రకం మలేరియా పరాన్నజీవి) దానికి లొంగదు. మీ డాక్టరు ఒప్పుకుంటే మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకొకటి: వెళ్ళే ముందు 2, అక్కడ 12, వచ్చాక 28. మొత్తం 42, ప్రయాణం రోజులకి ఇంకో 3 కలుపుకోండి. వచ్చాక మానేయడమే అందరూ చేసే తప్పు. కాలేయం నుంచి ఆలస్యంగా రక్తంలోకి దిగే పరాన్నజీవిని చంపేది ఆ 28 మాత్రలే.

భోజనం మధ్యలో పెద్ద గ్లాసు నీళ్ళతో మింగండి. పడుకోబోయే ముందు గుక్కెడు నీళ్ళతో వేసుకుంటే అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. ఐరన్, క్యాల్షియం, యాంటాసిడ్ వాడుతుంటే రెండు మూడు గంటలు ఎడం. ఎండకి చర్మం కమిలిపోతుంది, పొడుగు చేతుల చొక్కాలు పెట్టుకోండి. గర్భం ఉంటే మాత్రం ఈ మందు వద్దు.

ఇక ఆ శాంపిల్ పెట్టె వద్దే వద్దు. మందులు దిగుమతి చేసుకోవాలంటే అక్కడి ఫార్మసీ అండ్ పాయిజన్స్ బోర్డు అనుమతి కావాలి, దానమిచ్చేవాటికి చేరేనాటికి కనీసం ఏడాది ఎక్స్‌పైరీ ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. శాంపిళ్ళలో గడువు దగ్గరపడ్డవి చాలా ఉంటాయి. పైగా మన దగ్గర కలిపి అమ్మే రెండు మూడు మందుల మాత్రలు అక్కడి నర్సుకి అర్థం కావు. బీపీ మందు అమ్లోడిపిన్ 15 రోజులకి ఇచ్చి వచ్చేస్తే పదహారో రోజు ఆ ముసలాయన బీపీ ఎక్కడుంటుంది? అక్కడి హెల్త్ సెంటర్లో దొరికే మందే రాయించండి. సాయం చేయాలనుకుంటే డబ్బే నిర్వాహకులకిస్తే మందులు అక్కడే కొంటారు.

సొంత మందులు స్ట్రిప్పులతోనే, చీటీతో పాటు. ప్లాస్టిక్ క్యారీబ్యాగుల్లో చుట్టకండి, 2017 ఆగస్టు నుంచి అక్కడ నిషేధం. గుడ్డ సంచులు చాలు.

విజయనగరం స్టాఫ్ నర్సు:
పెట్టె వద్దని చెప్పేశాను. సూది గుచ్చుకుంటే అక్కడ ఏం చేయాలి?

బొబ్బిలి సిస్టర్:
సబ్బు, పారే నీళ్ళతో కడుగు. పిండకు, బ్లీచింగ్ పోయకు. పీఈపీ (హెచ్‌ఐవీ సోకకుండా వాడే) మందు రెండు గంటల్లో మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు, 28 రోజులు వాడాలి. శిబిరానికి దగ్గర్లో ఏ ఆస్పత్రిలో ఆ మందుందో, రాత్రిపూట బండి ఎవరిస్తారో ముందే రాయించుకో. హెపటైటిస్ బి టీకా ఎప్పుడో వేయించుకున్నా యాంటీ హెచ్‌బీఎస్ (ఆ టీకా రక్షణ మిగిలుందో చూసే) రక్తపరీక్ష చేయించు, 10 పైన ఉండాలి. అసలు వేయించుకోకపోతే 0, 7, 21 రోజుల్లో మూడు డోసులు, ఏడాదికి నాలుగోది. నీకున్న ఏడు వారాలు సరిపోతాయి.

వచ్చాక మూడు నెలల్లో ఎప్పుడు జ్వరమొచ్చినా "ఆఫ్రికా వెళ్ళొచ్చాను" అన్నది మొదటి మాటగా చెప్పు. ఆ మాట చెప్పకపోతే టైఫాయిడ్, డెంగ్యూ పరీక్షలతోనే రెండు రోజులు పోతాయి. ఫాల్సిపారం అంత టైమివ్వదు.

టెక్కలి ల్యాబ్:
ఒక్కటి ఎవరూ చెప్పలేదు. అక్కడివాళ్ళు మాట్లాడే స్వాహిలీలో గంటల లెక్క పొద్దుపొడుపుతో మొదలవుతుంది, మన పాత జాముల్లాగే. ఉదయం 7 వాళ్ళకి ఒకటో గంట. "రాత్రి 8కి మాత్ర" అని అంకె మాత్రమే అనువదించి "సా నానె ఉసికు" (రాత్రి ఎనిమిదో గంట) అని చెబితే, రోగి అర్ధరాత్రి దాటాక 2 గంటలకి లేచి మింగుతాడు. మన రాత్రి 8 అనాలంటే "సా మ్బిలి ఉసికు" (రాత్రి రెండో గంట) అనాలి. కవరు మీద సూర్యుడు, చంద్రుడు గీసిచ్చేయండి, గొడవుండదు.