అప్‌డేట్: హెన్రీ టిల్నీది ప్రేమేనా?

జేన్ ఆస్టెన్ ఆంగ్ల నవల 'నార్తాంగర్ అబ్బే'లో హెన్రీ టిల్నీ కథానాయిక కేథరిన్‌ను ఆటపట్టించడమే తప్ప ప్రేమించిన జాడ ఎక్కడుందని లోగడ అడిగాను. మీరు సూచించిన, బాత్ నగరంలోని నాటకశాల ఘట్టాన్ని మళ్లీ చదివాను. ఆమె తనతో షికారుకు వస్తానని చెప్పి వేరొకరి బండిలో వెళ్లిపోయిందని నొచ్చుకున్న హెన్రీ, చిరునవ్వైనా లేకుండా ముభావంగా తల వంచి ఊరుకుంటాడు. దేన్నైనా వేళాకోళం చేసే మనిషికి హాస్యం కరవైన ఆ క్షణమే నాకు అసలు ఆధారంగా తోచింది. తన తండ్రి కేథరిన్‌ను ఇంటినుంచి వెళ్లగొట్టాక, హెన్రీ ఆయన మాటను ధిక్కరించి ఆమె సొంతూరు ఫుల్లర్టన్ వెళ్లి పెళ్లి ప్రస్తావన తేవడం గురించి వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆమెకు తనపై ఇష్టముందని గ్రహించినందువల్లనే అతని మనసు ఆమెవైపు మళ్లిందని, 1817 చివర వెలువడిన ఈ నవలలో ఆస్టెన్ అంత నిర్మొహమాటంగా రాయడం మాత్రం నన్ను ఇంకా ఆశ్చర్యపరుస్తూనే ఉంది.