ఇల్లు కదలని రోజుల్లో పిల్లలు ఎలా తట్టుకుంటున్నారో ఎవర్ని అడగాలి?

చర్చాంశం: లాక్‌డౌన్, క్వారంటైన్‌లలో 8–17 ఏళ్ల వాళ్లు ఒత్తిడిని తట్టుకునే తీరు కొలవడానికి తల్లిదండ్రుల ఫారం సరిపోతుందా?

గడప: సరిపోతుంది. పొద్దస్తమానం కళ్లెదుటే ఉన్న పిల్లల్ని తల్లిదండ్రుల కంటే బాగా చూసేదెవరు? పిల్లల ప్రవర్తన, భావోద్వేగాల గురించి తల్లిదండ్రులు నింపే ఎస్‌డీక్యూ అనే ఫారంలో 25 ప్రశ్నలు, కాసేపటి పని.

కొలబద్ద: గడప గారూ, ఎస్‌డీక్యూ కొలిచేది ఇబ్బందుల్ని. భయం ఉందని తేలుతుంది, భయమేసినప్పుడు పిల్ల ఏం చేసిందో తేలదు. పైగా తలుపేసుకున్న పిల్లాణ్ణి చూసి అమ్మ "ముడుచుకుపోయాడు" అని గుర్తు పెడుతుంది. వాడు లోపల స్నేహితుడికి మెసేజ్‌లలో మనసు విప్పుతుండొచ్చు. 1987లో మనస్తత్వ పరిశోధకుడు అకెన్‌బాక్ బృందం 119 అధ్యయనాలు కలిపి చూస్తే తల్లిదండ్రుల మాటకూ పిల్లల మాటకూ సహసంబంధం (పూర్తిగా కలిస్తే 1, ఏ సంబంధమూ లేకపోతే 0) 0.25 దగ్గరే ఉంది. పిల్లల్నే అడగాలి.

తూకం: అడగాలి సరే, దేంతో? పిల్లలే జవాబిచ్చే ఫారాల్లో కిడ్‌కోప్ చిన్నది, తట్టుకునే పది రకాల తీరుల్ని పట్టుకుంటుంది. కానీ ఒక్కో తీరుకు ఒకటో రెండో ప్రశ్నలే, వాటితో స్కేలు నిలకడ, అంటే ఒకే తీరును అడిగే ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో, సరిగా లెక్కకట్టలేం. ఒత్తిడికి స్పందనల్ని అడిగే మరో ఫారం ఆర్‌ఎస్‌క్యూ లోతైనదే, కానీ 57 ప్రశ్నలంటే ఎనిమిదేళ్ల వాళ్లకు మోయలేని బరువు. ఇంకో పొరపాటు: "వేరే పనిలో పడ్డాను" అన్న జవాబును తప్పించుకోవడం కింద వేసి మార్కులు కోసేస్తారు. నిర్బంధం పిల్లల చేతిలో లేదు. మార్చలేని దాని నుంచి దృష్టి మళ్లించడం అక్కడ మంచి పనే.

కొలబద్ద: అందుకే ముందు ఒత్తిడికి పేరు పెట్టించాలి: "గత 7 రోజుల్లో నిన్ను ఎక్కువ బాధపెట్టిందేమిటి?" తర్వాతి ప్రశ్నలన్నీ దాని మీదే. కొందరు పిల్లలు అన్నిటికీ "చాలాసార్లు" అనేస్తారు. కాబట్టి ఒక్కో తీరు మార్కుల్ని మొత్తం మార్కులతో భాగించి, ఆ వాటానే పోల్చాలి. ఫారంలో "స్నేహితుల ఇంటికి వెళ్లాను" లాంటి వాక్యాలు ఉంటే మార్చాలి. లేకపోతే అవకాశమే లేని పనికి సున్నా పడుతుంది. ప్రశ్నల తెలుగు అనువాదాన్ని ఐదారుగురు పిల్లల చేత చదివించి, "దీనికి నీకేం అర్థమైంది?" అని అడగందే వాడకూడదు.

గడప: ఒకే గదిలో నాన్న కూర్చుని ఉంటే పిల్ల నిజం చెబుతుందా?

తూకం: చెప్పదు. ఆ గదిలో కొలిచింది పిల్ల తట్టుకునే తీరు కాదు, నాన్న ముందు చెప్పదగ్గ జవాబు. ఫోన్‌లో అయితే ప్రశ్న ఇటునుంచి మనం చదివి, అటునుంచి 1 నుంచి 4 దాకా అంకె మాత్రమే చెప్పించుకోవాలి, పక్కనున్నవాళ్లకు ఏం తెలీదు. స్పీకర్ ఆన్‌లో లేదని ముందే చూసుకోవాలి. చిన్నపిల్లల విషయంలో తల్లిదండ్రుల ఫారం కూడా తీసుకోండి గడప గారూ, కానీ రెండిటినీ సగటు చెయ్యొద్దు. ఆ తేడా ఎక్కడ పడిందో అక్కడే ఇంట్లో ఎవరికీ తెలియని బాధ ఉండొచ్చు. "చచ్చిపోవాలనుంది" అన్న జవాబు వస్తే ఆరోజే ఎవరు ఫోన్ చేస్తారో, ఎవరికి అప్పగిస్తారో మొదటి ఫారం పంపకముందే రాసిపెట్టుకోవాలి.